ఇల్సున్ తాగని కషాయం

తక్ ఇల్సున్ ముక్కు సంగతి దేగు పట్నం మందుల వీధిలో తెలియనివాళ్ళు లేరు. బస్తా మూతి విప్పీ విప్పకముందే లోపలి వేళ్ళు ఏ కొండ మీదవో, ఎన్నేళ్ళవో, నీడన ఆరాయో, గంధకం పొగ పెట్టి తెల్లబరిచారో చెప్పేసేది. అడుగున పుచ్చుసరుకు నింపి పైన నాలుగు మంచి వేళ్ళు పేర్చే టోకు వర్తకులు కూడా ఆవిడ వస్తోందని తెలిస్తే ఆ పూటకి నీతిమంతులైపోయేవాళ్ళు. "ఇల్సున్ వాసన చూసిందా?" అని అడిగి, చూసిందంటే కళ్ళు మూసుకుని కొనుక్కునేవాళ్ళు జనం. ఆ మాట తప్ప ఆవిడకి ఇంకో ఆస్తి లేదు. మొగుడు మోక్ సంగ్‌దాల్ సిటీ బస్సు నడిపేవాడు, ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చున్నాక ఉన్నాడో లేడో కూడా తెలిసేది కాదు.

ముప్పై ఒకటో ఏట నంగుంగ్ పెద్ద వైద్యుడి దగ్గర కషాయాలు కాచే పనిలో చేరి, ఇరవై ఆరేళ్ళు ఆ గదిలోనే గడిపింది. వేళ్ళు కడగడం, నానబెట్టడం, జనపగుడ్డ సంచిలో మూటగట్టి కుండలో వేయడం, రెండున్నర గంటలు కాచి సంచిని పిండడం, నల్లటి రసాన్ని ప్యాకెట్లలో పోసి మూతి అతికించడం. ఎంత కొలతగా కాచినా చివర్లో రెండో మూడో ప్యాకెట్లు ఎక్కువే వచ్చేవి. వాటిని పారబోయడమన్నది లేదు. ఈ దేశంలో ఇంట్లో మనిషినైనా బయటికి గెంటుతారేమో గాని కషాయం ప్యాకెట్‌ని మాత్రం చెత్తబుట్టలో వెయ్యరు. వైద్యుడు ఒకడి నాడి పట్టుకుని, నాలుక చాపించి, నిద్ర ఎలా పడుతోందని అడిగి, వాడొక్కడి కోసమే తూకం వేసి మందు ఇస్తాడు. వాడు పది రోజులు తాగి విసుగెత్తి మానేస్తే మిగిలింది పెళ్ళాం తాగుతుంది. పెళ్ళానికి చేదైతే బావమరిది తాగుతాడు. ఇల్సున్ అత్తగారైతే మొగుడు పోయాక, ఆయన ఉబ్బసానికి ఇచ్చిన మందు నెలంతా తాగి, ఒంట్లో ఎప్పుడూ లేనంత హుషారుగా ఉందని ఊరంతా చెప్పుకుంది.

అలా బక్కపిల్లలకి ఆకలి పుట్టించే మందు, బాలింతలకి బలం పట్టించే మందు, ముసలివాళ్ళకి అన్నం అరిగించే మందు, మిగిలిందల్లా ఇల్సున్ గొంతులోకే పోయింది. ఊరందరి ఆకలి మందూ ఒక్కతే తాగితే ఏమవుతుందో అదే అయింది. యాభై ఏడేళ్ళు వచ్చేసరికి డెబ్బై ఎనిమిది కిలోలు తూగింది. దాని గురించి ఆవిడకి బెంగా లేదు, సిగ్గూ లేదు. నిండు కుండ దింపడానికి ఆ బరువు పనికొచ్చేది.

పెద్ద వైద్యుడు మహా చాదస్తుడు. మాహ్వాంగ్ అనే ఎండుపుల్లల్ని ఆయన తాళం వేసిన సొరుగులో దాచేవాడు. ఊపిరాడనివాళ్ళకి ఛాతీ తెరిపించే మందు అది. తెరిపించడంతో ఊరుకోదు, గుండెని పరుగులు పెట్టిస్తుంది, నిద్రనీ ఆకలినీ ఎగరగొడుతుంది. ఆయన చేతి త్రాసులో స్వయంగా తూచి మూడు రోజులకే ఇచ్చేవాడు. నాలుగో రోజు మనిషి వచ్చి నాడి చూపిస్తే గాని ఇంకో పుల్ల బయటికి వచ్చేది కాదు. అలాంటి మనిషి పోయాడు. కొడుకు నంగుంగ్ హ్యక్ సియోల్‌లో చదువు వెలగబెట్టి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

కూర్చున్న వారానికే సొరుగు తాళం పోయింది, మాహ్వాంగ్ బస్తాల్లో రావడం మొదలైంది. పాత బోర్డు దింపి, పిడికెడు నడుమున్న అమ్మాయి బొమ్మతో కొత్త బోర్డు పెట్టించాడు. నాడి చూడటం మాత్రం మానలేదు, ఎందుకంటే జనం దానికోసమే వస్తారు. మూడు వేళ్ళు మణికట్టు మీద పెట్టి, కళ్ళు పొట్టమీద పెట్టి, "మీది నీరు నిలిచే ఒళ్ళండీ, మీ తప్పేం లేదు" అనేవాడు. ఆ మాట వింటే చాలు, వచ్చినావిడ కళ్ళలో నీళ్ళు తిరిగేవి. పుట్టిన దగ్గర్నుంచి తిండిపోతు అనిపించుకున్న మనిషికి తప్పు నీటిదని తేలడం చిన్న సంగతి కాదు. ఆ తర్వాత వచ్చినావిడదీ నీరు నిలిచే ఒళ్ళే. ఆ తర్వాతావిడదీ అంతే. అందరికీ ఒకే కుండలో కషాయం. అది కాచేది ఇల్సున్ కాబట్టి ఆవిడకి తెలియకుండా పోదు.

"చిన్న డాక్టరు గారూ, ఇందులో మాహ్వాంగ్ మరీ ఎక్కువైందేమో. పెద్దాయన ఇంత వేసేవారు కాదు" అంది ఒకసారి.

"నాన్నగారి కాలం వేరండీ. ఇప్పుడు జనానికి ఫలితం త్వరగా కావాలి" అన్నాడు హ్యక్.

"గుండె కూడా త్వరగానే కొట్టుకుంటుంది మరి."

"అందుకే కదా పట్టా తెచ్చుకుని కుర్చీలో నేనూ, కుండ దగ్గర మీరూ ఉన్నాం" అని నవ్వాడు. వీడికి మూడేళ్ళప్పుడు జ్వరమొస్తే వీపున కట్టుకుని రెండు రోజులు కుండలు తిప్పింది ఇల్సున్. అప్పుడు పిన్నీ అని ఏడ్చేవాడు. ఇప్పుడు ఇన్‌ఛార్జ్ గారూ అంటాడు.

ఇక గాజుగోడ. కాచే గదికీ జనం కూర్చునే గదికీ మధ్య ఇటుక గోడ పడగొట్టించి నిలువెత్తు అద్దం పెట్టించాడు. మందు ఎంత శుభ్రంగా తయారవుతోందో అందరూ చూడాలట. అద్దం బిగించిన సాయంత్రం ఇల్సున్‌ని లోపలికి పిలిచి, బల్లమీద పెన్ను అటూ ఇటూ జరుపుతూ మొదలుపెట్టాడు.

"ఏమీ అనుకోకండి ఇన్‌ఛార్జ్ గారూ. బయట బోర్డు మీద ఆ అమ్మాయి. లోపల అద్దంలో మీరు. వచ్చినవాళ్ళు మిమ్మల్ని చూసి ఏమనుకుంటారు?"

"మందు కాచే మనిషి అనుకుంటారు."

"మా మందు మావాళ్ళమీదే పనిచెయ్యలేదు అనుకుంటారు. రెండు నెలలు టైమిస్తాను. రోజుకి రెండు ప్యాకెట్లు, మన మందే, మీకు ఉచితం. తగ్గారా, అద్దం పక్కన మీరే రాణి. లేదంటే ఊరవతల ఫ్యాక్టరీలో కాయించి తెప్పిస్తాను. మీకు అక్కడ చీటీలు అంటించే పని ఇప్పిస్తాను."

ఊరవతల షెడ్డు ఆవిడ చూసిందే. ముప్పై క్లినిక్‌ల మందూ స్టీలు పీపాల్లో ఉడుకుతుంది, మీట నొక్కితే వాసన కూడా గొట్టంలోంచి బయటికి పోతుంది. ముక్కుతో పని లేని చోట ఇల్సున్‌తో ఏం పని? ఇంటికి వెళ్ళే దారంతా ఆవిడకి ఒళ్ళు మండిపోతూనే ఉంది, భయం కూడా వేసింది.

శనివారం ఆడపడుచు వచ్చింది. మోక్ హెరన్‌కి నలభై తొమ్మిదేళ్ళు, సోమున్ బజార్లో కర్టెన్ల దుకాణం. బరువు తగ్గడం ఆవిడకి దుకాణం కన్నా పెద్ద వ్యాపారం. ఒక నెల ద్రాక్షపళ్ళే తిన్నది. ఒక నెల గుడ్లే తిన్నది. ఒక నెల గడియారం చూసుకుని తినడం మానేసి, గడియారం చూసుకుని మీదపడి తిన్నది. ఇప్పుడు కోడి రొమ్ము మాంసం, సగం చిలగడదుంప. నోట్లో పెట్టుకునే ప్రతి ముక్కకీ ముందు ఫోన్లో లెక్క రాసుకుంటుంది. ప్రతి శనివారం అన్నగారింటికి వచ్చి, ఉప్పు మీద వదినకి ఉపన్యాసం ఇచ్చి, వదిన ఊరేసిన క్యాబేజీ పచ్చడి, కిమ్చి, రెండు డబ్బాలు పట్టుకుపోవడం ఆవిడ అలవాటు.

"కిమ్చీలో ఉన్నదంతా ఉప్పే వదినా. ఒంట్లో నీరు పట్టేస్తుంది" అంది డబ్బాకి మూత పెడుతూ.

"ఆ డబ్బా ఇక్కడే వదిలేసి పో, నీ ఒళ్ళు బాగుపడుతుంది."

"ఇది మా ఆయనకి. మీ వైద్యుడిచ్చే బురదనీళ్ళ కన్నా నయంలే. మాంసకృత్తులు తినాలి వదినా, కండ నిలబడుతుంది, కొవ్వు పోతుంది. ఇదంతా సైన్సు."

"ఉప్పూ కారం లేని ఉడకబెట్టిన కోడిని మా ఊళ్ళో కుక్కకి పెట్టేవాళ్ళు. దానికి సైన్సు తెలీదు పాపం, తోకాడించుకుంటూ తినేది."

హెరన్ మూతి ముడిచింది. ఇద్దరూ ఇరవై ఏళ్ళుగా ఇదే పాట. ఒకరి దారి ఇంకొకరికి వెటకారం, ఇద్దరి నడుమూ ఎక్కడిదక్కడే.

ఇప్పుడు ఇల్సున్‌కి రెండు దారులు మిగిలాయి, చిన్న డాక్టరు కషాయమూ ఆడపడుచు కోడీ, రెండూ తను ఛీ కొట్టినవే. మొదటి ప్యాకెట్ మూల కత్తిరించి వాసన చూసింది. పెద్దాయన ముగ్గురు ఉబ్బసపు రోగులకి ఇచ్చేంత పుల్ల ఆ ఒక్క ప్యాకెట్‌లో ఉంది. పైన దాల్చినచెక్క, ఎండు రేగుపళ్ళు వేసి తీపి చేశాడు గాని ఆ ముక్కుని మోసం చెయ్యడం వాడి తరమా? తను కాచిందే అయినా పెదవికి తగలనివ్వలేదు. చిన్న డాక్టరు అడిగితే, అన్నం తిన్నాక ఇంటి దగ్గర తాగుతానని చెప్పి రోజూ రెండు ప్యాకెట్లు సంచిలో వేసుకుపోయేది.

పారబోద్దామని తొట్టి దగ్గర నిలబడితే చెయ్యి రాలేదు. తన చేత్తో కడిగి, నానబెట్టి, కాచిన మందు అది. విషమని తెలిసినా పారబోయడానికి చెయ్యి రాని చాదస్తం ఆవిడది. వీధిలో అందరి తప్పులూ పట్టే మనిషి తన తప్పు దగ్గరికి వచ్చేసరికి ఇంత తెలివితక్కువగా ప్రవర్తించింది. ప్యాకెట్లన్నీ కిమ్చి దాచే ఫ్రిజ్ అడుగున, పెద్ద డబ్బా కిందికి లెక్క చూడకుండా తోసేస్తూ పోయింది. తర్వాత చూద్దాంలే అనుకుంది. ఆ తర్వాత చూడలేదు.

ఇక మిగిలింది ఆడపడుచు సైన్సు. ఎవరికీ చెప్పకుండా కోడి రొమ్ములు కొని, ఉప్పు లేకుండా ఉడకబెట్టి, డబ్బాలో సగం చిలగడదుంపతో పాటు పెట్టుకుని, మధ్యాహ్నం వేళ్ళ బస్తాల గదిలో తలుపేసుకుని తినేది. చిన్న డాక్టరు చూస్తే మందు తాగడం లేదని తెలిసిపోతుంది. హెరన్‌కి తెలిస్తే చచ్చేదాకా దెప్పుతుంది. నమిలే కొద్దీ దూదిలా నోరంతా పాకే ఆ మాంసాన్ని తిట్టుకుంటూ మింగేది. ఇంతకన్నా గొప్ప సైన్సు ఏముంది, తినబుద్ధి కాని తిండి పెడితే ఎవరైనా తక్కువే తింటారు అనుకునేది. సాయంత్రం మూడు స్టాపుల ముందే బస్సు దిగి నడిచేది, రాత్రి పూట గోధుమ సేమ్యా చారు వాసన పక్కింట్లోంచి వస్తే కిటికీ మూసేసేది. రెండు నెలలకి తొమ్మిది కిలోలు తగ్గింది.

హ్యక్ ఆనందం పట్టలేకపోయాడు. ఫొటోగ్రాఫర్ని పిలిపించాడు. పాత ఫొటో పక్కన కొత్త ఫొటో పెట్టి, నిలువెత్తున అచ్చువేయించి గాజుగోడ పక్కన తగిలించాడు. కింద పెద్ద అక్షరాలు: "మా మందు మా ఇంటివాళ్ళే తాగుతారు." ఆవిడ ఆ బొమ్మ ముందు నిలబడి కాసేపు చూసింది. ఇది అబద్ధం అని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను చెప్పలేదు కదా, వాడు చెప్పాడు అని సర్దుకుని వెళ్ళి కుండ కింద మంట సరిచేసింది. ఎదుటివాడి బస్తాలో గంధకం పొగ పట్టే ముక్కు సొంత బొమ్మ దగ్గర పడిశం పట్టినట్టు ఊరుకుంది.

వీధి చివర రేగుపళ్ళు అమ్మే అవ్వ ఒకావిడ ఉంది. డెబ్బై దాటాయి, మోకాళ్ళు పట్టేసి గుమ్మం ఎక్కడమే కష్టం. ఎముకల డాక్టరు బరువు తగ్గమన్నాడు. ఎలా తగ్గాలో చెప్పమంటే కాగితం మీద ఇంగ్లీషు పేర్ల కూరగాయలు రాసిచ్చాడు. అవ్వ ఆ కాగితం రేగుపళ్ళ పొట్లం కట్టడానికి వాడేసింది. బొమ్మ చూసి నేరుగా ఇల్సున్ దగ్గరికే వచ్చింది.

"ఏమే, ఇది నిజంగా పనిచేస్తుందా?"

ఇల్సున్ గరిటెతో కుండ తిప్పుతూ ఉంది. చిన్న డాక్టరు గది తలుపు తెరిచే ఉంది.

"తగ్గానుగా అవ్వా" అంది.

"అంతే చాలు. ఆ పిల్లకాయ మాట నాకెందుకు, నువ్వు తాగావు, నాకదే చాలు" అని అవ్వ ఆ రోజే ఒక పెట్టె పట్టుకుపోయింది.

ఇల్సున్ అన్నదాంట్లో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. అబద్ధం ఆడదల్చుకున్నవాళ్ళు మాట్లాడే నిజం అలాగే ఉంటుంది. తర్వాత పది రోజులకి అవ్వ దుకాణం ముందు నుంచి పోతుంటే, శేరు గిన్నెతో రేగుపళ్ళు పోస్తున్న అవ్వ చెయ్యి వణికి సగం పళ్ళు నేలపాలయ్యాయి. ఇల్సున్ వంగి ఏరిపెట్టింది. "కాఫీ తగ్గించవ్వా" అని చెప్పి గబగబా వచ్చేసింది. ఆ రోజు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా మర్నాడు వెళ్ళి కుండ ఎక్కించింది.

అటు హెరన్ కూడా కరిగిపోతోంది. వదిన తొమ్మిది తగ్గితే తను పదకొండు. ప్రతి శనివారం వచ్చి గదిలో అటూ ఇటూ తిరుగుతూ గుక్క తిప్పుకోకుండా మాట్లాడేది. కళ్ళు మెరుస్తుండేవి. తెల్లారకముందే లేచి దుకాణంలో కర్టెన్లన్నీ ఇస్త్రీ చేశానంది.

"నిద్ర పట్టట్లేదా నీకు?" అంది ఇల్సున్.

"నిద్రెందుకు వదినా, ఒంట్లో ఇంత శక్తి ఉంటే. అంతా మాంసకృత్తుల మహిమ. నువ్వు ఆ బురద తాగి తగ్గావు, నేను బుర్రతో తగ్గాను, తేడా అదే."

ఇల్సున్ పళ్ళు కొరుక్కుంది. అదే కోడి తనూ తింటోంది. మరి ఈవిడకి పదకొండు ఎలా తగ్గాయి? ఆలోచిస్తే అక్కడికక్కడే తెలిసేది. కాని అసూయలో ఉన్న మనిషికి ఆలోచన ఎక్కడిది? హెరన్ ఈమధ్య కిమ్చికి తన చేతిసంచి కూడా తెచ్చుకుంటోందని, ఫ్రిజ్ దగ్గర ఒక్కతే ఎక్కువసేపు ఉంటోందని చూసి కూడా, ఉప్పు వద్దనే మనిషికి కిమ్చి మీద ఎంత ప్రేమో అని వెక్కిరించుకుని ఊరుకుంది.

మామగారి తద్దినం ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం ఇద్దరూ వంటింట్లో నేలమీద కూర్చుని పెనాలు పెట్టుకున్నారు. చేప ముక్కలు, గుమ్మడి చక్రాలు, పుట్టగొడుగులు గుడ్డుసొనలో ముంచి వేయించడం. ఇద్దరూ ఒక్క ముక్క ముట్టలేదు, చచ్చినాయనకి వండుతున్నామన్న భక్తితో కాదు, లావెక్కుతామన్న భయంతో. సంగ్‌దాల్ మాత్రం గుమ్మం దగ్గర నిలబడి వేడివేడివి లాక్కుని తింటున్నాడు.

హెరన్ చేతిలో అట్లకాడ జారింది. "వదినా, గుండె ఏంటో..." అని ఛాతీ పట్టుకుని పక్కకి ఒరిగిపోయింది. మొహం సున్నం కొట్టినట్టు అయింది. సంగ్‌దాల్ నోట్లో ముక్కతోనే అంబులెన్సుకి ఫోన్ చేశాడు. ఇల్సున్ ఆమె తల ఒళ్ళోకి తీసుకుని వంగింది. ఆడపడుచు నోట్లోంచి వాసన తగిలింది. నూనె వాసనలో, గుమ్మడి వాసనలో కూడా దాగని వాసన. దాల్చినచెక్క, ఎండు రేగుపండు, వాటి కింద మాహ్వాంగ్. తన చేతి కషాయం.

అంబులెన్సు వచ్చేలోపు వెళ్ళి ఫ్రిజ్ తెరిచింది. కిమ్చి డబ్బా ఎత్తింది. నూట ఇరవై ప్యాకెట్లు ఉండాల్సిన చోట తొమ్మిదే ఉన్నాయి.

ఆసుపత్రిలో తెల్లకోటు డాక్టరు యంత్రంలో గీతలు చూసి, గుండె లయ తప్పిందని, ఏం మందులు వాడుతున్నారని అడిగాడు. హెరన్ పెదవులు నల్లబడి ఉన్నాయి. అయినా పట్టు వదల్లేదు.

"మందులేం లేవు. కోడి రొమ్ము... చిలగడదుంప" అంది.

డాక్టరు ఇల్సున్ వైపు చూశాడు. చెబితే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. ఎవరి కషాయం, ఎవరు కాచారు, ఫ్రిజ్‌లోకి ఎందుకొచ్చింది, బొమ్మ సంగతేమిటి, అన్నీ ఒక్కో దారంలా బయటికి వస్తాయి. ఇరవై ఆరేళ్ళ కుండ పోతుంది. ఒకసారి ఊపిరి పీల్చుకుంది.

"అబద్ధం డాక్టరు గారూ. రోజుకి రెండు ప్యాకెట్ల కషాయం, దాదాపు రెండు నెలలు" అని, ఒక్కో ప్యాకెట్‌లో మాహ్వాంగ్ ఎంత, మిగతావి ఎంతెంత, గ్రాములతో సహా అప్పజెప్పింది. డాక్టరు రాసుకుంటూ, "ఈ నల్లనీళ్ళు తాగడం ఎప్పుడు మానతారమ్మా మీరు" అన్నాడు చిరాగ్గా.

"ఆకలి చంపే బిళ్ళల కోసం మీ వీధి మలుపులో క్లినిక్ ముందు తెల్లారేసరికి బారు తీరి ఉంటారు. అవి తెల్లగా ఉంటాయి కాబట్టి మంచివి కాబోలు" అంది ఇల్సున్. "ముందు దీని సంగతి చూడండి."

చూశారు. గంటన్నరకి గీతలు కుదుటపడ్డాయి. మంచం పక్కన ఇల్సున్ కూర్చుంది.

"ఎందుకే తాగావు? బురదనీళ్ళన్నావుగా."

"నువ్వు తాగి తగ్గావుగా. నీకేం కాలేదుగా. వాసన చూడనిదే నువ్వు నీళ్ళు కూడా తాగవు. నువ్వే తాగావంటే మంచిదే అనుకున్నాను."

"నేను ఒక్క చుక్క తాగలేదు."

హెరన్ కళ్ళు పెద్దవి చేసింది. "మరి ఎలా తగ్గావు?"

"నీ దిక్కుమాలిన కోడి తిని."

 హెరన్ దుప్పటి మొహం మీదికి లాక్కుంది. లోపల్నుంచి నీరసంగా గొంతు వినబడింది. "అంటే నా పద్ధతి పనిచేస్తుందన్నమాట." గుండె ఆగబోయినా ఈ ఇంటి ఆడపడుచు ఓడిపోదని ఇల్సున్‌కి నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. ఆ ఇద్దరూ కలిసి ఏడ్చింది ఇరవై ఏళ్ళలో అదొక్కసారే.

సోమవారం క్లినిక్ కిక్కిరిసి ఉంది. ఇల్సున్ రోజూలాగే వచ్చి ఏప్రాన్ కట్టుకుంది గాని కుండ ఎక్కించలేదు. పన్నెండు కొట్టగానే స్టూలు లాక్కుని గాజుగోడకి ఆనించి, తన నిలువెత్తు బొమ్మ పక్కనే, జనానికి ఎదురుగా కూర్చుంది. డబ్బా మూత తీసింది. తెల్లగా పాలిపోయిన కోడి ముక్క, సగం చిలగడదుంప. చేత్తో చింపి తినడం మొదలుపెట్టింది. అవతల కుర్చీల్లో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే అటు తిరిగారు. బొమ్మ వంక చూశారు, డబ్బా వంక చూశారు.

హ్యక్ గదిలోంచి పరుగున వచ్చాడు. తలుపు దగ్గరికి వేసి గొంతు తగ్గించాడు.

"పిన్నీ, ఏంటిది? లోపలికి రా, మాట్లాడుకుందాం."

"ఎన్నేళ్ళకి పిన్నినయ్యానురా" అంది నములుతూ. "నువ్విచ్చిన రెండు నెలలూ నా మధ్యాహ్నం తిండి ఇదే. అద్దం నువ్వే పెట్టించావు కదా, అందరూ చూడాలని. చూస్తున్నారు."

"నిన్ను ఎక్కడా పనిలో పెట్టుకోరు, తెలుసా?"

"చీటీలు అంటించే పనికి కూడా రాను. నా ఆడపడుచు ఆసుపత్రిలో ఉంది. నీ కషాయంలో ఏముందో అక్కడ గ్రాములతో రాయించి వచ్చాను."

హ్యక్ మొహంలో రంగు మారింది. ఆ తలుపు తోసుకుని రేగుపళ్ళ అవ్వ లోపలికి వచ్చింది. మోకాళ్ళ మీద చేతులు ఆన్చుకుంటూ వచ్చింది, చంకలో రెండో పెట్టె ఉంది. డబ్బాలోకి తొంగిచూసింది.

"ఇదా నువ్వు తిన్నది?"

"ఇదే అవ్వా."

"మరి ఇదో?" అని పెట్టె మీద తట్టింది.

"ఒక్క చుక్క కూడా నోట్లో పోసుకోలేదు. మొదటి రోజే వాసన చూశాను. నువ్వూ తాగకు. నీ చెయ్యి వణికేది దీనివల్లే, కాఫీ వల్ల కాదు."

అవ్వ ఆవిడ మొహంలోకి చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"నేను వచ్చి అడిగిన రోజు ఏమైందే నీ ముక్కు?"

ఇల్సున్ డబ్బాకి మూత పెట్టింది.

"అమ్ముకున్నాను అవ్వా" అంది. "ఈ అద్దం పక్కన కూర్చోవడానికి."

అవ్వ పెట్టె తీసి స్టూలు పక్కన నేలమీద పెట్టింది. వణికే చేతుల్తో తలుపు పట్టుకుని, మెల్లగా అడుగు తీసి అడుగు వేస్తూ వీధిలోకి వెళ్ళిపోయింది.